తొమ్మిదో స్లైడులో వి

కుతయిసిలో ఆ హాలు ప్రొజెక్టరువి ముసలి కళ్ళు.
సన్నగీతలు దానికి ఆనవు.
వెనక బెంచీ దాకా వెళ్ళేసరికి
అక్షరాల కొనలూ పాదాలూ కుచ్చిళ్ళూ
గోడ సున్నంలో కలిసిపోతాయి.

అందుకని ఎతెరి
థీసిస్ చెప్పుకోవాల్సిన ముందు రాత్రి
స్లైడులన్నిటికీ బట్టలు మార్చింది.
నగా నట్రా లేని, మందంగా నిలబడే ఫాంటు.
ఫైలు నెత్తిన ఒక పేరు కొట్టేసి
ఇంకో పేరు రాసింది. అంతే.

జార్జియా అక్షరాలు మనవాటిలాగే గుండ్రటివి,
ద్రాక్షతీగ దగ్గర ఓనమాలు దిద్దినట్టుంటాయి.
కొత్త బట్టల్లోనూ అవి అవే.
వేగం అన్న మాట
లావుగా రాసినా బక్కగా రాసినా వేగమే కదా.

సమీకరణాలే,
ఎవరూ పిలవకుండానే
గుంపుతోపాటు వెళ్ళి వేషం మార్చుకొచ్చాయి.

వి అంటే నీటి వేగం.
నిన్నటిదాకా పక్కకి ఒరిగి
కిటికీ కింది రియోని నదిలా జారిపోయేది.
ఇవాళ గుంజ పాతినట్టుంది.
న్యూ అంటే నీటి చిక్కదనం.
వి పక్కనే నిలబెడితే
కన్నతల్లి కూడా తడబడే కవల.
ఎల్ అంటే గొట్టం పొడవు.
అది ఎల్లో, ఒకటో,
దాన్నే అడగాలి.

మనకీ తెలుసు ఈ బాధ.
థ పొట్టలో చుక్క రాలిపోయి
కథ కాస్తా కధ అయిపోతుంది.
అయినా చదివేస్తాం.
అటొక మాట, ఇటొక మాట
చుట్టాల్లా వచ్చి చెయ్యందిస్తాయి.
సమీకరణంలో అక్షరానికి
చుట్టాలు లేరు.
మొహమొక్కటే దాని ఆధార్ కార్డు.

పోయిన చలికాలం గీసిన బొమ్మల్లో
పాత వి పాతగానే ఉంది.
బొమ్మలో ఒకటి, పక్క సూత్రంలో ఒకటి,
ఒకే మనిషికి రెండు ఫొటోలు.
"ఎవడు చూస్తాడే?" అన్నాడు గోచా
సోఫాలోంచి, కళ్ళు తెరవకుండా.

రాత్రి రెండుంపావుకి దొరికింది ఆ లైను.
మాటలకి ఏం తొడిగినా తొడుగు,
లెక్కల జోలికి మాత్రం రాకు,
అని స్లైడుల థీముకి చెప్పే చిన్న లైను.
మళ్ళీ కంపైలు చేసింది.
వి ఒరిగింది.
న్యూ తన ముక్కు తను తెచ్చుకుంది.
గొట్టం పొడవు మళ్ళీ పొడవైంది.
కింద రొట్టెలవాడు కొలిమి వెలిగించే వేళకి
లాప్‌టాప్ మూసి,
బూట్లతోనే పడుకుంది.

పొద్దున హాల్లో
వెనక బెంచీ దాకా అన్నీ కనిపించాయి.
ముందు వరసలో ఇపోలితె గారు,
ఎనభై దాటిన మేష్టారు,
ఒక కంటికి ఆపరేషనై నెల కాలేదు.
తొమ్మిదో స్లైడు దగ్గర చెయ్యెత్తారు.
"అమ్మాయ్, సూత్రంలో వి నాకు తెలుసు.
బొమ్మలో వి కూడా ఆయనే.
కింద వాక్యం మధ్యలో నిటారుగా నిలబడ్డ వి
ఎవరు?"

చూసింది.
నిజమే, ఒకటి మిగిలిపోయింది.
గణితం గుర్తుల మధ్య పెట్టకుండా
మామూలు అక్షరంలా కొట్టేసిన వి,
మాటలతోపాటు బట్టలు మార్చుకుని
ఏమీ ఎరగనట్టు నిలబడింది.
"డాలర్లు మర్చిపోయాను మేష్టారూ," అంది,
"అటొకటి, ఇటొకటి."
జీతాలు లారీల్లో అందుకునే హాలు,
లారీ అంటే వాళ్ళ డబ్బు,
ఘొల్లుమంది.
మేష్టారు నవ్వలేదు.
"అయితే ఆ వాక్యం నిరూపించినట్టు కాదు.
కానీ, ముందుకి పో."

డాక్టరేట్ ఇచ్చేశారు.
పూలిచ్చారు, ఫొటోలు తీశారు.
వంతెన అవతల హోటల్లో
గోచా రెండుసార్లు ఫోన్ చేశాడు,
ఖచాపురి మీద జున్ను గట్టిపడిపోతోందని.
"వస్తున్నా, నిమిషం," అంటూ
ఖాళీ హాల్లో, ఆరిపోయిన ప్రొజెక్టరు కింద,
ఇక ఎవరూ తెరవని ఫైలు తెరిచి
ఎతెరి వెతుకుతోంది
తొమ్మిదో స్లైడులో
రెండు డాలర్లు పెట్టాల్సిన చోటు.